అన్నయ్య వదిలిన ఖాళీ పేజీ

పొద్దున్నే దీపం పెట్టి లేచేసరికి, మన దేశపు అండర్ 17 అమ్మాయిలు విదేశంలో ఫుట్‌బాల్ మ్యాచ్ గెలిచారని టీవీలో చెప్పారు.

ద్రాక్షారామంలో ఉన్నప్పుడు అన్నయ్య మన దేశపు కుర్రాళ్ల ఫుట్‌బాల్ జట్టు ఫలితాలను పేపర్లోంచి కత్తిరించి, నోటుపుస్తకంలో అన్నం మెతుకులతో అంటించేవాడు. మీ ఇళ్లల్లోనూ జిగురంటే మెతుకులే కదండీ?

“ఓడిపోయినోళ్లకి కూడా అన్నం పెట్టాలేంట్రా?” అని మామ్మ విసుక్కునేది.

“వాళ్లకే ఎక్కువ పెట్టాలి మామ్మా!”

“అమ్మాయిల జట్టు లేదా అన్నయ్యా?” అని ఓసారి అడిగాను.

“వస్తుంది లేవే” అని, చివరి పేజీలో ‘మన అమ్మాయిలు’ అని రాసి ఖాళీగా వదిలేశాడు.

ఇవాళ ఆ నోటుపుస్తకం దాచిన పెట్టె తీసి చూశాను. మెతుకులు అంటించిన పేజీలన్నీ పురుగులు తినేశాయి. ఆ ఖాళీ పేజీ మాత్రం అలాగే ఉంది.

అన్నయ్య పోయి పదేళ్లయింది. ఆ అక్షరాల కింద స్కోరు నేనే రాశాను. నా చేతిరాతని వెక్కిరించడానికైనా ఉంటే బాగుండేది.