నర్సమ్మ పిన్నికి వినిపించిన గొంతు

ఏడేళ్ళు ఒక గొంతును మోశాను. అది నాది కాదు. ఎలా దించానో చెబుతాను, మీరు కాస్త ఓపిక పట్టండి.

అప్పట్లో నలుగురు స్నేహితులం మద్దిలపాలెంలో ఒక అద్దెగదిలో కూర్చుని ఆడియో కార్యక్రమం చేసేవాళ్ళం. పేపర్లలో రాని కూలీల మాటలు ఫోన్లో రికార్డు చేసి, నెట్‌లో పెట్టి, ఆ లింకు వాట్సాప్‌లో పంచేవాళ్ళం. గాజువాక దగ్గర ఒక ఫ్యాక్టరీలో, ఊడ్చే కాంట్రాక్టు ఆడవాళ్ళకి బాత్రూం తాళం వేసేస్తున్నారని తెలిసి వెళ్ళాను. నర్సమ్మ పిన్ని ఒక్కతే మాట్లాడతానంది, గొంతు గుర్తుపట్టకుండా మార్చాలన్న షరతు మీద. ఆమె ప్రాణస్నేహితురాలు, పక్కింటి పైడమ్మ, రికార్డింగంతసేపూ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. మారుస్తానని ఒట్టేశాను.

మార్చాను కూడా. కానీ అది కీ ఇచ్చిన బొమ్మ మాట్లాడినట్టుంది. "నీళ్ళు తాగడం మానీసినాం" అన్నచోట పిన్ని గొంతు పూడుకుపోతుంది. మార్చిన దాంట్లో ఆ బాధ లేదు. నాకది కావాలి. ఎందుకు? ఉద్యమం కోసమా, నలుగురి చేత శభాష్ అనిపించుకోవడానికా? ఉద్యమం కోసమేనని సర్దిచెప్పుకుని అసలు గొంతుతోనే పెట్టేశాను.

షేర్ ఆటోల్లో కూడా మోగింది. ఉబ్బితబ్బిబ్బయ్యాను. మర్నాడు పొద్దున్నే సూపర్‌వైజరు పిన్ని గేట్ పాస్ లాగేసుకుని పనిలోంచి తీసేశాడు. కబురు విన్న పది నిమిషాల్లో నేను చేసిన పనేమిటో తెలుసా? అదే లింకులో పాత ఫైలు తీసేసి, గొంతు మార్చిన ఫైలు పెట్టాను.

మధ్యాహ్నం పిన్ని గదికొచ్చింది. ఆమెది బటన్ ఫోను, అప్పటిదాకా వినలేదు.

"ఏటి పాపా, గొంతు మార్సినావా నేదా? ఏదీ, ఇనిపించు."

చెవి దగ్గర పెట్టుకుని చివరిదాకా వింది.

"నా గొంతునాగ నేదే," అంది. ఫోను నా చేతికిచ్చేసి, "మరైతే ఆడికెలాగ తెలిసింది? పైడే సెప్పీసుంటాది. అదొక్కర్తే కదా నా పక్కనుంది."

"నాకు తెలీదు పిన్నీ," అన్నాను.

అంతే. ఆ ఒక్క మాట. మొదటిరోజు విన్నవాళ్ళెవరైనా చెప్పేస్తారని వారంపాటు బిక్కుబిక్కుమంటూ గడిపాను. ఎవరూ చెప్పలేదో, చెప్పినా పిన్ని నమ్మలేదో. తన చెవులతో విన్నది కదా.

కొన్నాళ్ళకి ఆ తాళం తీశారు. మాకు సభ పెట్టి చప్పట్లు కొట్టారు. మంచే జరిగింది కదా అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో! పిన్ని ఇళ్ళలో అంట్లు తోముకుంటూ బతికింది. అంతకుముందు ఏటా సింహాచలం కొండ చుట్టూ గిరిప్రదక్షిణకి పిన్నీ పైడమ్మా చేతులు పట్టుకుని నడిచేవాళ్ళు. పిన్ని ఆమెతో మాటలు మానేశాక పైడమ్మ ఒక్కతే నడుస్తుంటే చూసి, సిగ్గులేకుండా జనంలో దాక్కున్నాను.

పోయిన ఆదివారం ఇదంతా నా గొంతుతో రికార్డు చేసి అదే లింకులో పెట్టాను. తడబాట్లు కూడా తీసెయ్యలేదు. తర్వాత, పిన్ని కంటే ముందు పైడమ్మ ఇంటికెళ్ళి వినిపించాను. తిట్టలేదు. నావైపు చూడనైనా లేదు. నా చేతిలో ఫోను లాక్కుని, ఏడేళ్ళుగా తొక్కని పక్కింటి పిన్ని గడప తొక్కి లోపలికెళ్ళింది. నన్ను రమ్మనలేదు.

వీధిలో నిలబడ్డాను. లోపల నా గొంతు నా తప్పు చెబుతోంది. అయిపోయాక మళ్ళీ మొదట్నుంచి పెట్టారు. క్షమిస్తారా? అడగలేదు, అడగను. కానీ నిజం చెప్పొద్దూ, గుండె ఎంత తేలికపడిందో! పైడమ్మ మోసిన నింద దిగింది, నాది నాకొచ్చింది. దాని బరువు ఇంతేనా అనిపించింది.

సిటీ బస్సెక్కి వచ్చేశాను. ఫోను ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది. ఉండనీ.