ఉడుత తల్లి తిరిగొచ్చే కథ

మా పాప పుట్టినరోజుకు మా తమ్ముడు ఇంగ్లిష్ బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చిచ్చాడు. వరదలో తల్లి నుంచి విడిపోయిన ఉడుత పిల్ల కథ. పాప స్కూలు నుంచి రాగానే ఒళ్లో కూర్చోబెట్టుకుని తెలుగులో చెప్పేదాన్ని. చివరి రెండు పేజీలు మాత్రం పాపకు ఎప్పుడూ చదివి చెప్పలేదు. వాటిలో తల్లి ఉడుత తిరిగి రాదు. మా అమ్మ పోయి అప్పటికి నాలుగు నెలలే. అందుకని నా కథలో ఆ తల్లి నోటి నిండా పల్లికాయలు కరుచుకుని ఇంటికొచ్చేది. పాప చప్పట్లు కొట్టేది.

ఈ ఏడు అదే కథ బొమ్మల సినిమాగా, తెలుగు మాటలతో వచ్చింది. ఆ కబురు మోసుకొచ్చింది మా తోడికోడలు. కాశిబుగ్గలో అందరం ఒకే ఇంట్లో ఉంటాం. ఆమె ఇంగ్లిష్ మీడియం స్కూల్లో టీచరు.

"అక్కా, ఆదివారం హన్మకొండల పొద్దటి ఆటకు టికెట్లు బుక్ చేసిన. పాపకు గూడ చెప్పిన" అంది.

నన్నొక్క మాట అడగలేదు. పుస్తకం నాది, పిల్ల నాది, టికెట్లు ఆమెవి! ఒళ్లు మండిపోయింది. పైకి మాత్రం మంచిదే అన్నాను.

హాల్లో పాప మా ఇద్దరి మధ్య కూర్చుంది. పాప్‌కార్న్ డబ్బా చిన్నమ్మ ఒళ్లో ఉంది కాబట్టి పాప కూడా అటే ఒరిగింది. నేను తెరను చూసింది తక్కువ, వాళ్లిద్దరినీ చూసింది ఎక్కువ. ముగింపు దగ్గర పడేసరికి ఆ కుళ్లు పోయి భయం పట్టుకుంది. ఇన్నాళ్లూ నేను చెప్పింది అబద్ధమని పిల్లకు తెలిసిపోతుంది కదా. వరద తీసింది, తల్లి ఉడుత రాలేదు. నాకు కళ్లు నిండాయి. పాప ఏడవలేదు. నా కొంగు అందుకుని నా కళ్లే తుడిచింది.

ఆటోలో ఇంటికొస్తూ అడిగాను. "నేను వేరే తీరు చెప్పిన గదా బిడ్డా, కోపమొచ్చిందా?"

"నాకు ఎప్పుడో తెలుసు మమ్మీ. చిన్నమ్మ మొత్తం చదివి చెప్పింది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"అమ్మమ్మ యాదికొచ్చి నువ్వు ఏడుస్తవని."

పక్కన తోడికోడలు రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. అంత చిన్న పిల్ల నన్ను కాచుకున్నందుకు మురిసిపోవలసినదాన్ని. అయినా అడగకుండా ఉండలేకపోయాను.

"చిన్నమ్మ చెప్పిననాడు నువ్వు ఏడ్చినవా?"

"మస్తు ఏడ్చిన," అంది పాప. "చిన్నమ్మ ఎత్తుకున్నది."