బావకు బాగా కావలసిన డాక్టరు

మా బావని వీధిలో అందరూ బ్యాగు బావ అంటారు. చర్మవ్యాధుల మందులు తయారుచేసే కంపెనీలో రెప్రజెంటేటివ్. ఆ బ్యాగు మోసి మోసి కుడి భుజం ఒరిగిపోయింది. ఊళ్లో ఏ స్కిన్ డాక్టరుకి ఏ కంపెనీ ఏం ముట్టజెబుతుందో ఆయనకి కొట్టిన పిండి.

అక్క అరికాల్లో, వేళ్ల మొదట్లో ఒక నల్లమచ్చ పెరగడం మొదలైంది. నేను కంగారు పడితే బావ నవ్వాడు.

"డాక్టరు సంగతి నాకొదిలెయ్ మరదలా. నాకు తెలీని డాక్టరున్నాడా?"

తనకు బాగా కావలసిన పెద్ద డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాడు. ఆయన కుటుంబమంతా ఆ మధ్య సముద్రం ఒడ్డున హాయిగా గడిపి వచ్చింది కంపెనీ ఖర్చుతోనే. టిక్కెట్లు పట్టుకెళ్లి ఇచ్చింది బావే. మమ్మల్ని వరుస దాటించి లోపలికి పిలిచారు. అక్క చెప్పు విప్పేలోపే డాక్టరు రాయడం మొదలుపెట్టాడు.

"చెప్పు ఒరిపిడికి వచ్చిన మచ్చమ్మా. మీవారి కంపెనీ క్రీమే రాశాను, సరేనా?" అంటూ బావ భుజం తట్టాడు.

బావ మొహం వెలిగిపోయింది. నాకు ఒళ్లు మండింది.

"కాలు చూడలేదు కద సార్" అన్నాను.

బావ నా చెయ్యి గిల్లాడు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా ఇంట్లో మాత్రం అలమరలో ఉన్న ట్యూబులే వైద్యమైపోయాయి. అక్క నెలల తరబడి పూసుకుంది. మచ్చ వేళ్ల సందుల్లోకి పాకింది. ఒకరోజు వంటగదిలో నేలంతా నెత్తుటి అడుగులు. ఇక నేను బావని అడగలేదు. కంపెనీలవాళ్లని గుమ్మం తొక్కనివ్వదని ఆయన రోజూ తిట్టిపోసే డాక్టరమ్మ దగ్గరికి అక్కని తీసుకెళ్లాను. బావ కూడా వెనకాలే వచ్చాడు.

ఆవిడ భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం రాగానే మమ్మల్ని పిలిపించింది.

"క్యాన్సరమ్మా" అంది డాక్టరమ్మ. "ఆపరేషన్ చెయ్యాలి. రెండు వేళ్లు తీసెయ్యాల్సి రావచ్చు. మొదట్లోనే వచ్చుంటే మచ్చవరకూ తీస్తే సరిపోయేదేమో. ఇంతకుముందు ఎవరికీ చూపించలేదా?"

అక్క ఏడవలేదు. నిజంగానే అర్థంకాక మొగుడి వైపు తిరిగింది.

"మనం ఆయనకి అంత చేశాం కదండీ. మరి నా కాలెందుకు చూళ్ళేదు?"