క్రీటు పలకను నేను చదివేసిన రోజు

పరువు కృష్ణలో కలిసిందంటారే, నాది ఏకంగా మధ్యధరా సముద్రంలో కలిసింది. నవ్వుకోండి, నాకేం పోదు. పోవాల్సింది ఆ రోజే పోయింది.

అక్షరాలు నేను అరవైకి దగ్గర పడ్డాక నేర్చుకున్నాను. నేర్చిన కొత్తలో ఊరుకున్నానా? బస్సు బోర్డులు, మందు సీసాలు, గోడల మీది పోస్టర్లు, కంటపడినవన్నీ గట్టిగా చదివేదాన్ని. అంతా మా వియ్యపురాలు సుభద్రమ్మ వినాలనే. "మీకు రాదుగా వదినగారూ, ఇలా ఇవ్వండి" అని శుభలేఖ నా చేతిలోంచి లాక్కున్న మనిషి ఆవిడ.

మా ఇద్దరి మనవరాలు హారిక, బెజవాడలో తన కాలేజీ ప్రదర్శనకు రమ్మంది. వాళ్ళ గదిలో మధ్యధరా సముద్రంలోని క్రీటు ద్వీపం నమూనా పెట్టారు. మూడున్నర వేల ఏళ్ళ కిందట అక్కడ బతికినవాళ్ళు మినోవన్లట. అట్టలతో అంతస్తుల మేడ, మురుగు పోవడానికి మట్టి గొట్టాలు, ఎద్దు వీపు మీదుగా పల్టీ కొడుతున్న మనిషి బొమ్మ. గుమ్మం పక్కన బల్ల మీద నిండా గీతలున్న మట్టి పలక.

"ఏం రాశారండీ?" అంది సుభద్రమ్మ.

చూశాను. ఒక్కటీ నాకు తెలిసిన అక్షరం కాదు. కాలేజీ చదువులకు వేరే అక్షరాలుంటాయి కాబోలు, మా పంతులమ్మ అక్కడిదాకా రాలేదనుకున్నాను. రాదనడానికి మాత్రం నోరు రాలేదు. గుమ్మం పక్కన ఇంకేం రాస్తారు?

"చెప్పులు బయట విడువవలెను."

"అయ్యో, ముందే చెప్పరేం!" అంటూ ఆవిడ విడిచింది. వెనకాయన విడిచాడు. ఆయన్ని చూసి తక్కినవాళ్ళూ. కాసేపటికి గుమ్మం ముందు తిరనాళ్ళంత కుప్ప.

హారిక పరిగెత్తుకొచ్చింది. "చెప్పులు ఎవరు విప్పమన్నారు?"

"మీ పలకేనే! మీ అమ్మమ్మ చదివింది" అంది సుభద్రమ్మ, తనే చదివినంత గొప్పగా.

"నానమ్మా, ఈ రాతని ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ చదవలేదు! పెద్ద పెద్ద పండితులే చేతులెత్తేశారు."

గదంతా గొల్లున నవ్వింది. సుభద్రమ్మ నవ్వలేదు. కుప్పలో చెప్పులు వెతుక్కుంటూ, "రాదంటే నేనేమైనా అనుకుంటానా వదినగారూ?" అంది. నవ్వినా బాగుండేది.

ఆ పలక దగ్గరే కూలబడ్డాను. మినోవన్లనే పేరూ తరవాతి వాళ్ళు పెట్టిందేనట. తమని తాము ఏమని పిలుచుకునేవారో తెలియదట. అంతంత మేడలు కట్టి, తమ మాట మట్టి మీద రాసి మరీ పోయినా, వినే దిక్కు లేదు. మొన్నమొన్నటిదాకా ప్రతి గోడా నాకు ఆ పలకే కదా!

అందుకని సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. రాని రాత ఎదురైతే వియ్యపురాలి ముందైనా సరే, రాదంటాను. క్రీటు వాళ్ళు అనని మాట వాళ్ళ పేరున చెప్పను. చెప్పుల మాట అసలే ఎత్తను.