పురుగుల ఇంటికి పొగ లెక్క

ముందే చెప్పేస్తున్నాను. నేను చెప్పేది ఏదైనా సగానికి కోసుకుని వినాలి. మా ఇంట్లోవాళ్ళు ముప్పావు కోస్తారు. వీధిలో నాకు ఎదురైన కుక్క, నేను ఇల్లు చేరేసరికి దూడంత అవుతుంది. అన్నం తిని చెయ్యి కడుక్కునేలోగా దానికి కొమ్ములు కూడా వస్తాయి. ఇది నా తప్పు కాదు, వృత్తి పెట్టిన గుణం. హోసూరులో కట్టడాలకు అంచనాలు వేసి బతికినవాణ్ణి. అంచనా అంటే ఇంకా పుట్టని బిడ్డకు చొక్కా కుట్టడమే కదా. కాస్త వదులుగా కుట్టకపోతే ఎలా?

తొంభైల్లో హోసూరులో పొద్దున చేనుగా ఉన్నది సాయంత్రానికి రేకుల షెడ్డుగా లేచేది. ఒక రైతు నాగలి కట్టుకుని దున్నడానికి వెళ్ళి, చేను కనపడక, వాచ్‌మన్ దగ్గర చీటీ రాయించుకుని లోపలికి పోయాడని చెప్పుకునేవారు. చెప్పుకున్నది నేనే. ఆ రోజుల్లో అంచనాకు ఒకటే గడి, రూపాయల గడి. ఈ సిమెంటు ఎక్కడ పుట్టింది, ఈ ఇనుము ఎంత దూరం ప్రయాణం చేసి వచ్చిందని అడగడం, పెళ్ళి పంక్తిలో కూర్చుని వంకాయ ఏ తోటదని ఆరా తీయడంలాంటిది.

రెండువేల సంవత్సరం దాటాక సూళగిరి పారిశ్రామిక ఎస్టేటులో ఒక క్యాంటీను కట్టే పని వచ్చింది. దానికి బెంగళూరు నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. సొంతూరు కోలారు వైపు కావడంతో మా వైపు తెలుగే మాట్లాడేది. నా అంచనా చూసి, రూపాయల గడి పక్కనే ఇంకో గీత గీసి పైన ‘పొగ’ అని రాసింది.

"ఇటుక కాల్చేదానికి కట్టెలు కాలినాయి కదన్నా? సిమెంటుకు సున్నపురాయి కాల్చినారు. కమ్మీకి ఇనుము కరగబెట్టినారు. ఆ పొగంతా యాడికి పోయింది? మీ గోడ కొనుక్కున్నట్టే లెక్క. ఇంట్లో పొయ్యి వెలిగించకముందే ఇల్లు తాగేసిన పొగ అది."

దానికి ఇంగ్లీషులో ఎంబాడీడ్ కార్బన్ అని పేరట. ఆ రోజునుంచి నాకు ఇటుక కనిపిస్తే దగ్గు వచ్చేది. ఒక బట్టీ ముందునుంచి బస్సులో పోతూ దగ్గితే, కండక్టరు నన్ను దించి ఆస్పత్రి దారి చూపించాడు.

అయితే ఆ అమ్మాయి చెప్పినదాంట్లో ఒక చిక్కు ఉంది. చౌకైనవన్నీ పొగ తక్కువవి కావు, పొగ తక్కువవన్నీ చౌకా కావు. రెండు గడులూ రెండు ఎడ్లలాంటివి, ఒకటి ఇటు లాగితే ఒకటి అటు లాగుతుంది. రెండింటినీ ఒకే వైపు తోసేది దూరం ఒక్కటే. బరువైన వస్తువు దూరంనుంచి వస్తే రూపాయీ పెరుగుతుంది, పొగా పెరుగుతుంది.

ఈ పాఠం నాకు క్యాంటీనులో కాదు, మా మామ ఇంట్లో ఎక్కింది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. కెలమంగలం దగ్గర పల్లెలో మల్బరీ తోట ఉండేది. తోట మామది, పట్టుపురుగులు అత్తవి. ఇంటి వెనక రేకుల గదిలో పెంచేది. ముందటి ఎండాకాలం ఆ రేకుల కింద వేడి ఎంతుందంటే గోడమీది బల్లి కూడా కాళ్ళు మార్చి మార్చి నిలబడేది. గూళ్ళు కట్టే సమయానికి పురుగులన్నీ మెత్తబడి చచ్చాయి. అత్త తట్టలన్నీ కడిగి బోర్లించి మామతో ఒకటే మాట అంది: "వచ్చే ఎండలకు చల్లటి ఇల్లు కావల్ల. లేదంటే ఇంక పురుగు పెట్టను." అత్త మాటంటే మాటే. పురుగులు లేకపోతే తోట కొట్టేయాలి, తోట కొట్టేస్తే ఆ ఇంటికి కూలిపనే దిక్కు.

మామ మోల్డు వేస్తానన్నాడు. సిమెంటు కప్పుకు మా వైపు మాట అది.

"బస్సులో పోయేవాళ్ళు కిటికీలోనించి తల బయటికి పెట్టి, ఎవురిదప్పా ఈ ఇల్లు అనల్ల అల్లుడా!"

"బస్సులోవాళ్ళు పురుగులకు ఆకేస్తారేమి?" అంది అత్త.

ఇంజనీరమ్మను తీసుకెళ్ళాను. ఆమె తోటంతా తిరిగి, మట్టి పిసికి చూసి, మెట్టుమీద కూర్చుని లెక్క వేసింది. మోల్డుకు డబ్బూ ఎక్కువ, పొగా ఎక్కువ, ఎండాకాలం లోపల వేడీ ఎక్కువ. దానికి బదులు సొంత చేని మట్టితో మందపు గోడలు, కూసాలనే రాతి స్తంభాలు, పైన రాతిబండలు పరిచి వాటిమీద మన్ను. రెండు గడుల్లోనూ ఇదే తక్కువ. మామ కూడా తల ఊపాడు.

"సరే పెదనాయనా, రాయి యాడనించి తెస్తారు?"

"కావేరిపట్టణం అవతలనించి, లారీలో."

ఆమె ఇంటి వెనక్కి చూసింది. అక్కడ గుట్ట ఉంది. ఆ గుట్ట ఎంతటిదంటే, దాని నీడ పడి మామ ఇంట్లో కోడి గంట ఆలస్యంగా కూసేది.

"మరి అది?"

ఆ గుట్ట మామ దాయాది పట్టాలో ఉంది. ఎప్పుడో దాయాది మేక మామ మల్బరీ చిగుళ్ళు మేసింది. మేక పోయింది, దాని ముని మనవరాళ్ళు కూడా సంతకెళ్ళిపోయాయి, మాటలు మాత్రం తిరిగి రాలేదు.

ఇంజనీరమ్మ లారీ దూరం కలిపి మళ్ళీ లెక్క వేసింది. రాతి ఇల్లు మోల్డును దాటిపోయింది, రెండు గడుల్లోనూ.

"అన్నా, ఈ లారీ పొగ ఏ పద్దులో రాసేది?" అని నన్ను అడిగింది.

గడపలోనించి అత్త అందుకుంది. "మొగోళ్ళ రోషం అని ఒక పద్దు పెట్టి రాయమ్మా. దాంట్లో ఎంతైనా పడుతుంది."

మర్నాడు గుట్టమీద రాయబారం. మాటల్లేనివాళ్ళు మా వైపు మూడో మనిషితో మాట్లాడతారు. మామ పడమరకు తిరిగి నిలబడ్డాడు, దాయాది తూర్పుకు. మధ్యలో నేనూ ఇంజనీరమ్మా.

"అల్లుడా, ఈ రాయి నేరుగా చీలుతుందేమో అడుగు."

"అమ్మా, రాయికి రోషం లేదని చెప్పు. ఎవురు కొడితే వాళ్ళకి చీలుతుంది."

"మేకని కట్టేసుకోలేనోళ్ళకి గుట్టెందుకని అడుగప్పా."

"మేక మేసింది పిడికెడు. దానికి ఆయప్ప ఏసిన కేకకు మా బర్రె నెల్లాళ్ళు పాలియ్యలేదు. ఆ పాలెవురు పోస్తారో అడుగమ్మా!"

"నేనిప్పుడు ఎవురినడగల్ల?" అంది ఇంజనీరమ్మ, పాపం.

చివరికి దాయాది గుట్టతో అన్నాడు: "రేపు బండి తోలుకోమను." మామ ఆకాశంతో అన్నాడు: "సరే."

ఇల్లు లేచింది. ఎండలు వచ్చాయి. లోపల ఎంత చల్లగా ఉండేదంటే మామ దుప్పటి తీసుకుని అక్కడే పడుకోబోయాడు; బీడీ వాసన పురుగులకు పడదని అత్త తరిమేసింది. గూళ్ళు మాత్రం తెల్లగా, గట్టిగా వచ్చాయి. తోట నిలిచింది.

ఇప్పుడు ఎక్కడ కోయాలో నేనే చెబుతాను. పురుగులు చావడం నిజం, లెక్క నిజం, ఇల్లు నిజం. బల్లినీ కోడినీ మీకే వదిలేస్తున్నాను. పూర్తిగా నేను అల్లింది గుట్టమీది రాయబారం. మామ ఆ గుట్ట ఎక్కలేదు. కెలమంగలం పోయి లారీకి బయానా ఇచ్చి వచ్చాడు.

జరిగింది వేరు. ఆ వారమే దాయాది ఇంట్లో పురుగులు నాలుగో జ్వరం లేచాయి. పురుగు కుబుసం విడవడాన్ని జ్వరం అంటారు. ఆఖరిది లేచాక వాటి ఆకలికి అంతుండదు. వాళ్ళ తోటలో ఆకు అయిపోయింది. అత్త పురుగు పెట్టలేదు గనక మామ తోటలో ఆకు ఊరికే నిలబడి ఉంది. మా వైపు ఎంత పగ ఉన్నా పురుగుకు ఆకు లేదనరు. కానీ వాళ్ళు అడగలేదు. అత్తే కోసి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని పోయి వాళ్ళ పురుగుల ఇంటి గడపలో దించింది. ఏమన్నావు అని తర్వాత అడిగితే, "ఏమనేది? ఆకేసినాను, వచ్చినాను" అంది.

మర్నాడు పొద్దున గుట్టవైపునుంచి రాతిబండలతో ఎద్దులబండి వచ్చి మామ వాకిట్లో ఆగింది.

"ఎవురు పంపినారప్పా?" అన్నాడు మామ.

"అక్క పంపించింది. ఈడ దించమనింది," అన్నాడు బండివాడు. అక్కంటే దాయాది భార్య.

మామ పోయి, బండి లోపలికి తిరగడానికి అడ్డంగా ఉన్న కంచె కంపను లాగి పక్కన పడేశాడు.