గోడ వారన మొక్కజొన్న

మా పెరట్లో తులసి మొక్కలు నాటిన వానాకాలంలోనే మా అత్తయ్య పక్కింటి పిన్నితో మాట్లాడటం మానేసింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేను వెంటనే తేల్చేశాను. టీచర్లకుండే జబ్బు అది. ప్రశ్న పూర్తిగా చదవకముందే జవాబు తెలిసిపోతుంది.

మేముండేది హిందీ మాట్లాడే ఊళ్ళో, కద్మా అనే పేటలో, ఉక్కు ప్లాంటు వాళ్ళిచ్చిన ఒక క్వార్టర్లో. మా పెరడూ పిన్నివాళ్ళ పెరడూ పక్కపక్కనే, మధ్యలో నడుమెత్తు గోడ. మేం ఆదివారం చర్చికి పోయేవాళ్ళం, వాళ్ళు పొద్దున్నే దీపం పెట్టుకునేవాళ్ళు. ఆ తేడా ఏనాడూ గోడ దాకా రాలేదు. అత్తయ్యా పిన్నీ ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి భర్తల ఉద్యోగాల వెంట ఈ ఊరొచ్చినవాళ్ళు. సాయంత్రమైతే టీ గ్లాసులు గోడ మీద పెట్టుకుని, చెరోవైపు నిలబడి, ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటూ చీకటి పడేదాకా మాట్లాడుకునేవారు. వాళ్ళ మాటల్లో సగం నాకు అర్థమయ్యేవి కావు. నాది కాకినాడ, పైగా బడి తెలుగు. మా ఆయన తెలుగులో సగం ప్లాంటు హిందీ. మా అమ్మాయి తెలుగు వింటుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తుంది. అత్తయ్యకు తన మాట తనకు తిరిగి వినపడే చోటు ఆ గోడొక్కటే.

ఈ ఏడు వానలకు ముందు నాకు మందుల్లేని తోట పిచ్చి పట్టుకుంది. బిష్టుపూర్ బజారులో కొన్న వంకాయలు కోస్తే పురుగుమందు వాసన కొట్టింది. అంతే, ఇక మన కూర మనమే పండించుకోవాలని శపథం చేశాను. స్టాఫ్ రూములో ఒకావిడ తోడు మొక్కల సంగతి చెప్పింది. ఏ మొక్కనూ ఒంటరిగా పెట్టకూడదట. టమాటా పక్కన తులసి ఉంటే తెల్లదోమ దగ్గరికి రాదట, వంగ పక్కన బంతి ఉంటే వేళ్ళకు పురుగు పట్టదట. మొక్కజొన్న మొదలు దగ్గర బొబ్బర్లు వేస్తే తీగకు వేరే కర్ర అక్కర్లేదు, కింద గుమ్మడి పరుచుకుని కలుపును లేవనివ్వదు. వీడియోలు చూశాను, కాగితం మీద పటం గీశాను. బర్మామైన్స్ దగ్గరి ఖటాల్ నుంచి, అదే, పాలవాళ్ళ పశువుల కొట్టం నుంచి, ఆటోలో పేడ ఎరువు తెప్పించాను. ఆటోవాడు దారంతా నన్ను తిట్టుకునే ఉంటాడు. పొడుగు మొక్కల నీడ మిగతావాటి మీద పడకూడదు కనుక మొక్కజొన్న, బొబ్బర్లు ఉత్తరం వైపు గోడ వారన వేశాను. వానల్లో టమాటా నిలవదని అత్తయ్య చెప్పింది. నేను వింటేగా!

వానలు ముదిరేసరికి అత్తయ్య సాయంత్రాలు లోపలే గడపడం మొదలుపెట్టింది. టీ గ్లాసు పట్టుకుని టీవీ ముందు కూర్చునేది. అందులో హిందీ సీరియల్. ఎవరు ఎవరి మీద అరుస్తున్నారో ఆవిడకు తెలియదు, చూసేది. అన్నం సగం కంచంలోనే వదిలేసేది.

"దాదీ ఆజ్‌కల్ కుఛ్ బోల్తీ నహీఁ," అంది మా అమ్మాయి. నానమ్మ ఈమధ్య మాట్లాడటం లేదని పిల్లకు కూడా తెలిసిపోయింది. మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి బూట్లు విప్పుతూ, "ఛోడో నా, పెద్దోళ్ళు, వాళ్ళే సర్దుకుంటార్లే," అన్నాడు.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి వంటింట్లోంచి మాటలు వినపడ్డాయి. హమ్మయ్య, పిన్ని వచ్చిందనుకుని గబగబా వెళ్ళాను. అత్తయ్య ఒక్కతే ఉంది. చేట ముందేసుకుని బియ్యం ఏరుతూ ఆ బియ్యానికే ఏదో చెబుతోంది. "ఎవరితో అత్తయ్యా?" అంటే, "ఎవులితోనీ నేదమ్మా," అని తలొంచుకుంది. నాకు భయం వేసింది. కోపమైతే ఎలా దించాలో నాకు తెలుసు. ఇది కోపంలా లేదు.

ఆ సాయంత్రమే నా తులసి లెక్క బయటికి తీశాను. క్రైస్తవుల ఇంట్లో తులసి ఏమిటని ఈవిడకు కష్టం కలిగిందా? నేరుగానే అడిగాను.

"తులసేత్తే నాకేటమ్మా? మొక్క మొక్కే గదా. మొన్న దగ్గొత్తే ఆ ఆకే గదా నమిలినాను."

ఆ లెక్క తప్పింది. అయితే కష్టం పిన్నికే అయ్యుండాలి. పూజించే మొక్కను తీసుకెళ్ళి టమాటాల మధ్య బురదలో పెట్టాను, చెప్పులతో చుట్టూ తిరుగుతున్నాను, గిన్నెలు కడిగిన నీళ్ళు పోస్తున్నాను. తప్పే మరి. మర్నాడు వాళ్ళ గేటు దగ్గరికి వెళ్ళి క్షమాపణలాంటిది ఏదో నసిగాను.

"అయ్యో, అదేటి టీచరమ్మా! మీ పెరడు, మీ ఇష్టం. మీకేటి నచ్చితే అదేసుకోండి. మేమేటంటాం?" అంది పిన్ని.

నాకు ఇంకా అయోమయమైంది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆవిడ నన్ను మీరు అన్న పాపాన పోలేదు. "ఏటే పిల్లా, ఇప్పుడేటి రావడం? మొకం సూడు, ఎలగ పీక్కుపోనాదో," అని గోడ మీంచి అరిచే మనిషి ఇప్పుడు చేతులు కట్టుకుని మీరు అంటోంది.

ఎందుకైనా మంచిదని తులసిని తవ్వి కుండీలోకి మార్చి, నాలుగిటుకలు పేర్చి వాటి మీద పెట్టాను. ఆ వారమే మా ఇంట్లో కుటుంబ ప్రార్థన. వచ్చిన ఆడవాళ్ళలో ఒకావిడ ఆ కుండీని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ కుండీని చూసింది. టమాటాల మధ్య ఎవరి కంటా పడని తులసి ఇటుకలెక్కేసరికి తులసికోట అయి కూర్చుంది. వాళ్ళటు వెళ్ళగానే ఇటుకలు లాగేశాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఇక మిగిలింది కాయలు పంపడం. లేత బొబ్బరకాయలు గిన్నె నిండా కోసి అమ్మాయి చేత పిన్నికి పంపాను. కోపముంటే గిన్నె ఖాళీగా తిరిగొస్తుంది. ఖాళీగా రాలేదు. అడుగున బెల్లమ్ముక్కలు వేసి, పిన్ని తనే తెచ్చి ఇచ్చింది. కాకపోతే ఎప్పుడూ గోడ మీంచి చేతికందించే మనిషి వీధంతా చుట్టి మా ముందు గేటు దగ్గరికొచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా, గిన్నె ఇచ్చి వెళ్ళిపోయింది. కోపం లేదు, మాట లేదు. ఇదేం లెక్కో నాకు అంతుపట్టలేదు.

ఈలోగా టమాటాలు అత్తయ్య చెప్పినట్టే కుళ్ళిపోయాయి. మొక్కజొన్న మాత్రం మనిషెత్తు దాటింది. దాన్ని చుట్టుకుని బొబ్బర తీగ ఎంత దట్టంగా ఎక్కిందంటే అవతల ఏముందో కనపడదు. ఫొటో తీసి స్టాఫ్ గ్రూపులో పెడితే అందరూ మెచ్చుకున్నారు. నేను మురిసిపోయాను.

ఒక సెలవురోజు సాయంత్రం ఆ మొక్కజొన్నల్లో వంగి కాయలు కోస్తున్నాను. అత్తయ్య బకెట్టు పట్టుకుని పెరట్లోకి వచ్చింది. నేనున్నట్టు చూడలేదు. గోడ అవతల ఎవరో దగ్గారు. అత్తయ్య ఆగి, తనూ దగ్గింది. కాసేపటికి అవతల మళ్ళీ దగ్గు, ఇవతల మళ్ళీ దగ్గు. జలుబుతో వచ్చే దగ్గు కాదది. ఉన్నావా అంటే ఉన్నానని చెప్పుకునే దగ్గు. నా కాలి కింద గుమ్మడాకు చప్పుడైంది. రెండు దగ్గులూ ఆగిపోయాయి.

నేను బయటికొచ్చి, "పిన్ని అక్కడే ఉంది కదా అత్తయ్యా, మాట్లాడొచ్చు కదా?" అన్నాను.

అత్తయ్య బకెట్టు కింద పెట్టింది. "నువ్వే గదమ్మా అడ్డం కట్టినావు."

"నేనా? ఏం అడ్డం కట్టాను?"

ఆవిడ మొక్కజొన్న వైపు చూసింది. "నీకిష్టం నేదేమో అనుకున్నాం. ముసిలోళ్ళం, ఆడ నిలబడితే ఆ మాటా ఈ మాటా వత్తాది. ఇంట్లో మాట బయటికెల్తందని ఈ దడేసినావేమోనని. ముందు వదినే అన్నాది, మీ కోడలికి మనం మాటాడుకోడం నచ్చనట్టున్నాది అని. నాకూ అలగే అనిపించినాది."

"మరి నన్నడగొచ్చు కదా!"

"ఎలగడగను? నీ ఇంట్లో ఉంటన్నాను."

కొడుకింట్లో అనలేదు. నీ ఇంట్లో అంది. ఎండ ఎటు నుంచి వస్తుందో, నీడ ఎటు పడుతుందో, పొడుగు మొక్కలు ఉత్తరాన ఎందుకు ఉండాలో చేతులూపుతూ పాఠమంతా చెప్పాను. అత్తయ్య మధ్యమధ్యలో తలూపింది. ఆ తలూపుడు నేను రోజూ చూసేదే. అర్థమైందా అని నేను గద్దిస్తే, నమ్మకపోయినా అర్థమైందనే పిల్లలు ఊపేది.

చెప్పడం ఆపాక నా మాట మీద నాకే అనుమానం మొదలైంది. నేను చెప్పిన ఎండా నీడా నిజమే. ఆ గోడ దగ్గర వాళ్ళిద్దరూ గొంతు తగ్గించి నవ్వుకున్నప్పుడల్లా నా గురించేనేమోనని నాకు ఒళ్ళు మండిన మాటా నిజమే. పటం గీసేటప్పుడు నా చేతిని నడిపింది ఏదో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా తెలియడం లేదు.

కొడవలి తెచ్చాను. "వద్దమ్మా, కండి ఇప్పుడే పాలు పోసుకుంటన్నాది," అని అత్తయ్య చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని గోడ వారన మధ్య మొక్కల్ని మొదలంటా కోసేశాను. తీగలు ఒకదాన్నొకటి వదలక మొత్తం లాగితేగాని రాలేదు. ఆ చప్పుడుకు పిన్ని గోడ దగ్గరికి వచ్చింది.

ఖాళీలోంచి ఆవిడకు ముందు కనపడింది నేను, నా చేతిలో కొడవలి. రెండడుగులు వెనక్కి వేసింది. "అత్తయ్య ఇక్కడే ఉంది పిన్నీ," అని నేను పక్కకు జరిగాను. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పిన్ని కొంగుతో చేతులు తుడుచుకుని, మా అమ్మ వయసు మనిషి, నా వైపు తిరిగింది.

"మాటాడుకోవచ్చా టీచరమ్మా?"

అలాగే అన్నానంటే అనుమతి ఇచ్చినదాన్నవుతాను. నా జవాబు కోసం వాళ్ళిద్దరూ ఎదురుచూస్తున్నారు.