పుచ్చు మీద పాలిష్

ఏ కలపనైనా వేలి కణుపులతో టకటకా కొట్టి చూడనిదే కొనడు కాబట్టి ఆ వడ్రంగిని అందరూ టకటక మేస్త్రి అనేవారు. పుచ్చిన కుర్చీ తెచ్చి పైపైన మెరిపించమంటే, "పుచ్చు మీద పాలిష్ కొట్టే చేతులు కావివి" అని తిప్పి పంపేవాడు. పనిలో అంత నిక్కచ్చి. కానీ సాయంత్రం కొట్టు కట్టేయగానే బావమరిదితో కలిసి సీసా ముందు కూర్చోవలసిందే. వయసులో అంటుకున్న అలవాటు అరవై దగ్గరపడ్డా వదల్లేదు.

ఒకరోజు పొద్దున, ఒంట్లో మత్తు లేని వేళ, గడప తట్టుకుని పడబోయి చెయ్యి నేలకు ఆనించాడు. అంతే, కుడి మణికట్టు పుటుక్కుమంది.

"ఇంత చిన్న దెబ్బకి విరగాల్సిన ఎముక కాదిది" అంది డాక్టరమ్మ ఎక్స్‌రే చూపిస్తూ. "తాగుడు లోపల్నుంచి గుల్ల చేసింది. రేపు తుంటి విరిగితే? మంచాన పడి ఏడాది తిరక్కుండా పోయినవాళ్లని ఎంతమందినో చూశాను. మానెయ్యండి. అయితే ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. నాకు చూపించుకుంటూ మానాలి."

మేస్త్రి బుద్ధిగా తలూపాడు. ఎముకల మాత్రలూ తెచ్చుకున్నాడు. ఆ సాయంత్రమే ఒకటి నోట్లో వేసుకుని, గ్లాసులో ఉన్నదానితోనే గుటుక్కున మింగాడు.

"విషం, విరుగుడూ ఒకే గుటకలో! నీ బుర్రే బుర్ర బావా!" అని బావమరిది తొడ చరిచాడు.

మేస్త్రి భార్య నవ్వలేదు. దగ్గరికొచ్చి, మొగుడి చేతి పిండికట్టు మీద వేలి కణుపుతో టకటకా కొట్టింది.

"పాలిష్ బాగా పట్టిందా, మేస్త్రీ?"

మేస్త్రి కట్టు కేసి చూసుకున్నాడు.

"ఊరుకోవే అక్కా..."

"నీకేంరా! రేపు నలుగురిలో ఒకడివై మోసి, చేతులు దులుపుకుంటావు. మిగిలేది నేను."

మేస్త్రి గ్లాసు పక్కకు జరిపాడు. "పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి పోదాం" అన్నాడు.

మానడం నున్నగా సాగలేదు. చేతులు వణికాయి, నిద్ర పట్టలేదు, మధ్యలో ఒకసారి జారి మళ్లీ మొదటికొచ్చాడు. అయినా మొండి చెక్కను చిత్రిక పట్టడం తెలిసినవాడు, పట్టు వదల్లేదు.

మణికట్టు కుదురుకున్నాక మొదట చేసిన పని, చేవ ఉన్న కర్ర ఏరి, పట్టుకుని నడిచేందుకు స్నానాల గది గోడకు బిగించడం.

"ఇవి ముసలాళ్లకి కదా బావా!" అని వెక్కిరించాడు బావమరిది.

మేస్త్రి ఆఖరి మర బిగించి, కర్రను పట్టుకుని ఒంటి బరువంతా వేసి చూశాడు. కదల్లేదు.

"ముసలాణ్ణి అవుదామనేరా!"